నాలుగు తీసి ఐదు పెట్టినవ్

అవ్, నేనే మార్చిన. అరువు చందర్, ఇంకా గట్టిగ అరువు! ఖానాపురం హవేలి మొత్తానికి వినబడనీ, నవత వదిన నీ స్టూడియో సైటు బంద్ చేసిందని.

ఏందీ, గిరాకీ ముందర ఇజ్జత్ పోయిందా? పెళ్లి ఫొటోలు చూపిద్దామంటే తెల్లకాగితం లెక్క వచ్చిందా? మరి నాది?

నీ ఫొటోల సైటూ, బొగ్గుబాయి వాళ్లు ఒకరి జాగల ఒకరు బదిలీ చేసుకునేతందుకు నేను పెట్టిన సైటూ ఒక్క హోస్టింగ్ మీదనే ఉన్నయని తెల్వదా నీకు? నాది, సైటును నడిపే పీహెచ్‌పీ ఉంటది కదా, దాని పాత నాలుగో వెర్షన్ మీద రాసుకున్నది. నీ కొత్త గ్యాలరీకి ఐదు కావాలె. అడిగినవా? వదినా, మారుస్త అని ఒక్క మాట? నాలుగు తీసి ఐదు పెట్టి నీ పని చూసుకున్నవ్.

సైటు తెరుచుకుంటనే ఉండె, గందుకే నాకు అనుమానం రాలే. బాయిల వాళ్లు ఎప్పటి లెక్కనే ఫారం నింపుతున్నరు. వాళ్లు రాసిన పేరు, ఫోన్ నంబరు మాత్రం ఐదు మీద నా పాత కోడ్ అందుకోలేక నా దాక వస్తలేవు. అన్నీ ఖాళీగ వస్తున్నయి. ఎవరో ఆకతాయిలనుకొని తుడిచేసిన, తెలుసా? నా చేతుల్తోనే!

అండ్ల ఒకటి వెంకటనారాయణది. పని ఇల్లెందు బాయిల, ఇల్లు పినపాకల. మణుగూరుకు పోవాలె ఆయన. మణుగూరు నుంచి మనింటికి దగ్గరున్న ఇల్లెందుకు రావాలె మీ అన్న. ఇద్దరూ అటిటు మారితే అయిపోయె! గసుంటి మనిషి కోసమే కదా నేను సైటు పెట్టింది?

రెండుసార్లు నింపిండట పాపం. ఎవరూ ఫోన్ చేయకపోతే ఇంకొకనితోని మాట్లాడుకున్నడు. ఆర్డర్లు చేతికొచ్చి, మణుగూరుల డ్యూటీ ఎక్కినంక మీ అన్నకు కలిసి చెప్పిండు.

నవ్వకు! నా బిడ్డ నాయిన వస్తే తలుపెనుక దాక్కుంటది. ఎవరో చుట్టమొచ్చిండు అనుకుంటది. నీకేం, నవ్వుతవ్.

ఏంది? నా కోడ్ నేను సరిచేసుకోవాలెనా? చేసుకుందు. ముందుగాల చెప్తే కూసోని చేసుకుందు.

అన్నకు చెప్పొద్దా? చెప్పిన. నిన్ననే చెప్పిన. గింత భయపడకు, ఏమన్నడో ఇను. "వాడు చిన్నోడు, నువ్వు చూసుకోవద్దా" అన్నడు. గంతే. సంచి భుజానేసుకొని మణుగూరు బస్సెక్కిండు.

పాత నాలుగే పెట్టిన. పాస్‌వర్డ్ గూడ మార్చిన. కావాలంటే మీ అన్ననే అడుగు, పో.

పాస్‌వర్డ్ ఆయనకు గూడ చెప్పలే.