మీటరమ్మ గారు సరిదిద్దిన మూడవ అంబులెన్సు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి వాహనాల షెడ్డులో సహాయ ఎలక్ట్రీషియనుగా ఒక యువతి చేరారు. అక్కడ అడుగుపెట్టిన మొట్టమొదటి మహిళా ఉద్యోగి కావడంతో దుస్తులు మార్చుకోవడానికి గది కూడా లేకపోయింది. టైర్ల గదికి లోపలి గడియ తానే బిగించుకుని పనిలోకి దిగారు. కరెంటు కొలిచే మీటరును మెడలో వేసుకుని తిరిగే ఆమెను డ్రైవర్లు తొలుత వేళాకోళంగా 'మీటరమ్మ' అన్నారు. కాలక్రమేణా వేళాకోళం తొలగి, పేరు చివర 'గారు' చేరింది.

తొలి పదేళ్ళు బ్యాటరీలు, దీపాలు, సైరన్లే ఆమె పని. ఇంజన్లలోకి కంప్యూటర్లు ప్రవేశించినప్పుడు, తనకంటే పెద్ద చదువులు చదివినవారే వెనుకాడుతుండగా, సెలవు దినాలు వెచ్చించి ఆ విద్యను శ్రద్ధతో అభ్యసించి, రెండువేల ఐదులో సీనియర్ ఎలక్ట్రీషియనుగా పదోన్నతి పొందారు.

రెండువేల తొమ్మిదిలో ఆమెకు కఠినమైన పరీక్ష ఎదురైంది. ఆటోమేటిక్ గేర్లతో నడిచే మన మూడవ అంబులెన్సు గేరుబాక్సు విరిగిపోయింది. కొత్తది నాలుగు నెలలకు గానీ రాదన్నారు. అదే రకపు పాత వ్యానులోని క్లచ్చును, చేతి గేరుబాక్సును తీసి, మనమంతా 'గేర్ల బాబాయి' అని పిలుచుకునే ఫిట్టరు దానికి అమర్చారు. ఇంజన్ కంప్యూటరు మాత్రం ససేమిరా అంది. బండి న్యూట్రల్‌లో ఉందని ఆటోమేటిక్ గేరుబాక్సు నుండి కబురు అందితేనే అది స్టార్టరును తిరగనిస్తుంది. ఆ కబురు పంపే గేరుబాక్సే ఇప్పుడు లేదు.

మిగిలిన రెండు బండ్లతో ఆసుపత్రి సతమతమవుతోంది. ఇంజన్ తిరుగుతుందో లేదో చూడాలని మీటరమ్మ గారు రెండు వైర్లు కలిపి, బండి ఎప్పుడూ న్యూట్రల్‌లోనే ఉందని కంప్యూటరును నమ్మించారు. ఇంజన్ తిరిగింది. ఆ వైరు విప్పకుండా, హెచ్చరిక పలక తగిలించకుండా ఆమె భోజనానికి వెళ్ళారు. బండి బాగైందనుకున్న డ్రైవరు తలుపు పక్కనే నిలబడి తాళం తిప్పారు. మొదటి గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకింది; బల్ల దగ్గర వంగి పనిచేసుకుంటున్న బాబాయి పాదం చక్రం కింద నలిగింది.

విచారణలో తప్పంతా డ్రైవరుదేనని తేల్చి, సస్పెన్షన్ కాగితం సిద్ధం చేశారు. మీటరమ్మ గారు ఎవరూ పిలవకుండానే సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్ళారు.

"ఆయన తాళం తిప్పారంతే సార్. తిప్పితే ఏమవుతుందో ముందే నిర్ణయించింది నేను. ఆ కాగితంలో నా పేరు రాయండి."

"మీ ఫోర్‌మన్ పదోన్నతి ఫైలు నా బల్ల మీదే ఉందమ్మా. తెలిసే మాట్లాడుతున్నారా?"

"తెలుసండీ."

ఆ పదవి ఆరేళ్ళు వెనక్కిపోయింది. అంతకు మించి ఆమెను కుంగదీసింది బాబాయి పాదం. వార్డులో ఆయన మంచం పక్కన తల దించుకుని కూర్చుంటే, ఆయనే అన్నారు: "ఏంటమ్మాయ్, కాలు నాది విరిగితే మొహం నువ్వు వేలాడేస్తావేంటి? వెళ్ళి ఆ బండి సంగతి చూడు. నేను బిగించిన గేర్లు తుప్పు పట్టిపోతున్నాయక్కడ."

ఆమె వెళ్ళారు. ఆ దొంగ వైరును తీసేసి, క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్టరు తిరిగేలా పెడలు దగ్గర స్విచ్చు అమర్చారు. లేని గేరుబాక్సును వెతుక్కుంటూ కంప్యూటరు ఇంజనును బిగబట్టేస్తుంటే, పాత వ్యాను కంప్యూటరులోని చేతి గేర్ల ప్రోగ్రామును దీనికి ఎక్కించారు. మూడుసార్లు విఫలమై, నాలుగోసారి కృతకృత్యులయ్యారు. ఇరవై రెండు రోజులపాటు స్ట్రెచరు మీద ఇసుక బస్తాలు పెట్టి వంతెన ఎక్కించారు, వాలులో ఆపి మళ్ళీ కదిలించారు. "ఇంకెన్నాళ్ళమ్మా?" అని సూపరింటెండెంటు గారు విసుక్కుంటే, "బస్తాలు దింపి మనిషిని పడుకోబెట్టొచ్చని నాకనిపించే దాకా సార్" అన్నారు.

చివరి పరీక్షనాడు బాబాయి చంకకర్రలతో వచ్చారు. ప్రమాదం నాటి నుండి ఏ బండి తాళమూ ముట్టని ఆ డ్రైవరునే ఆమె పిలిపించి, బండి ముందున్న స్థలమంతా ఖాళీ చేయించారు.

"గేరులోనే ఉంది. క్లచ్ తొక్కకుండా తిప్పండన్నా."

"నా వల్ల కాదమ్మా."

"దూకదు. తిప్పండి."

ఆయన తిప్పారు. బండి ఉలకలేదు, పలకలేదు. మరోసారి తిప్పారు, అంతే. అప్పుడు క్లచ్ తొక్కి తిప్పితే ఇంజన్ అందుకుంది. ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేశారు. ఆ బండి ఆపై ఎనిమిదేళ్ళు రోగులను మోసింది.

రెండువేల పదిహేనులో ఫోర్‌మన్ అయిన మీటరమ్మ గారు, పరికరం విరగ్గొట్టడాన్నైనా క్షమించారు గానీ, హెచ్చరిక పలక తగిలించని పనిని ఏనాడూ క్షమించలేదు. చేరిన ప్రతి కొత్తవారికీ తన తప్పునే మొదటి పాఠంగా చెప్పారు.

ముప్పై మూడేళ్ళ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న ఆమెకు కంటిచూపు, చేతి పట్టు, మనసు నిమ్మళం నిండు నూరేళ్ళూ తోడుండాలని ఆకాంక్షిస్తున్నాము. ఇన్నాళ్ళూ టీ గ్లాసును బానెట్ మీద పెట్టి మరచిపోయిన ఆమె, ఇకపై భర్త, కూతురి మధ్య తీరిగ్గా కూర్చుని, అది చల్లారకముందే తాగాలని ఈ షెడ్డు యావత్తూ మనసారా కోరుకుంటోంది.