మొహమాటం అనే కోటగోడ

ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దాడు కాబట్టి మా వీధిలో అందరికీ ఆయన ప్రూఫుల మామయ్య. ప్రెస్సు మూతపడ్డ దగ్గర్నించీ పొద్దున్న పదింటికల్లా టీ కొట్టు బల్ల మీద చేరతాడు. ఆ రోజు పక్కన టైలరున్నాడు, నేనున్నాను, గిన్నె దగ్గర టీ కొట్టక్క ఉంది. చివరి కుర్చీలో కళ్ళద్దాల అమ్మాయి ఒకామె ఫోను చూసుకుంటోంది. టైలరు ఎదురు మేడ వైపు చూసి, "అక్కడ వీడియో గేములు తయారుచేస్తారట, లోపల కూర్చుని ఏం చేస్తారో ఏమో," అన్నాడు.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఏం చేస్తారో నన్నడుగు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఆ లోపల ఒక చిన్న సాయం చేసొచ్చాను. చిన్నదేలే. వాళ్ళు తెలుగులో ఒక యుద్ధం ఆట తయారుచేశారు. సైనికులున్నారు, గుర్రాలున్నాయి, కోటలున్నాయి, సరైన పేర్లే లేవు. రాళ్ళు విసిరే యంత్రానికి 'దూరప్రక్షేపక శిలాయంత్రం' అని పెట్టుకున్నారు. తెర మీద బొత్తామేమో నా బొటనవేలంత. అందులో 'దూరప్ర' వరకే పట్టింది. దూరప్ర అంటే ఏదో జ్వరమనుకోరూ ఆడేవాళ్ళు? సోమవారం ఆట బయటికి రావాలి, రాకపోతే ఆఫీసుకి తాళం, ఇరవైమంది ఇంటికి. తాళం పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా, అందుకని వెళ్ళాను. ఆ యంత్రాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, దీనికి 'మేనత్త' అని పెట్టండి అన్నాను."

"అంతేనా?" అన్నాడు టైలరు.

"అక్కడితో ఆగితే అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు పెట్టాక దానికి రాళ్ళతో పనే లేకపోయింది. కోట ముందుకెళ్ళి నిలబడి, నాకు ఒక్క మాటైనా చెప్పారా అన్నట్టు ఒక్క మూలుగు మూలిగింది. బురుజు కూలిపోయింది."

"నేనూ ఒకరికి మేనత్తనే," అంది టీ కొట్టక్క.

"నీ సంగతి వేరమ్మా, నీ నోరు పిట్టగోడల వరకే. సరే, ఇది చూసి వాళ్ళ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాలిబంట్లకి కూడా పెట్టండి అన్నాడు. నాకేదో తోచి 'తోడల్లుడు' అన్నాను. అదొక్కటే పొరపాటు, ఒప్పుకుంటాను. ఇద్దరు తోడల్లుళ్ళని పక్కపక్కన నిలబెడితే శత్రువు సంగతి దేవుడెరుగు, ఒకడి కత్తి పొడుగెంతో ఇంకొకడు కొలుస్తాడు, నన్ను ముందు పలకరించలేదని మొహం తిప్పుకుంటాడు. సైన్యం సైన్యమంతా ఎడమొహం పెడమొహం. అందుకని వెంటనే కోటగోడకి 'మొహమాటం' అని పెట్టించాను. ఇంక చూడు, శత్రువులు నిచ్చెనలు మోసుకుంటూ వచ్చి గోడ దాకా చేరడం, ఈ టైములో ఇబ్బంది పెట్టడమెందుకులెండి, మళ్ళీ వస్తాం అనడం, వెనక్కి తిరగడం. తొమ్మిది దండయాత్రలు అలాగే పోయాయి."

"గుర్రాలకో?" అన్నాను నేను.

"గుర్రానికి 'వచ్చేస్తున్నా' అని పెట్టాం. అది ఇవాళ్టికీ రాలేదు. గాయాలకి రాసే మందుకి 'పర్లేదు' అని పెట్టాం. చెయ్యి తెగినవాడు, కాలు తెగినవాడు ఒక చుక్క రాసుకుని పర్లేదు పర్లేదు అంటూ లేచి నడిచాడు. చివరికి శత్రురాజు కత్తికి 'ఎందుకులే' అని పెట్టాను. ఒరలోంచి సగం తీశాడు, పేరు చదువుకున్నాడు, మళ్ళీ ఒరలో పెట్టేసి గడప మీద కూర్చున్నాడు. యుద్ధం ఆటలో యుద్ధం లేకుండా పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆఫీసుకి తాళం పడుంటుంది," అన్నాడు టైలరు.

"అదే నా దిగులూనూ. కానీ జరిగింది వేరు. పేర్లు లేని సైనికులు ఇంకా నాలుగు వేలమంది మిగిలారు. వాళ్ళంతా వరసకట్టి తెర దగ్గరికొచ్చి, అద్దానికి ముక్కులు ఆనించి నా వైపే చూస్తున్నారు. అయ్యా మాకో, అని. నాకు మనసొప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, పొద్దుగూకే లోపల నాలుగు వేలమందికీ పేర్లు పెట్టాను, పెట్టిన పేరు మళ్ళీ పెట్టకుండా. ఎవరి పేరు వాళ్ళు విని, దణ్ణం పెట్టి వెనక్కి జరిగారు. ముందువరసలో ఒకడు ఆ దణ్ణం కాస్త వంగి పెట్టబోయి, తెరలోంచి జారి కీబోర్డు మీద పడ్డాడు. వేలితో ఎత్తి మళ్ళీ లోపల పెట్టాను."

టీ కొట్టక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఈ సంగతి ఎలా పాకిందో, మర్నాడే ఒక దేశం సేనాధిపతి ఫోను చేశాడు. ఏ దేశమో చెప్పకూడదు. సరిహద్దులో నలభై ఫిరంగులున్నాయి, ఏడేళ్ళుగా పోరు తెగట్లేదు, పేర్లు పెట్టండి అని. ఫోన్లోనే పెట్టాను. 'రేపు చూద్దాం', 'తర్వాత మాట్లాడదాం', 'ఇంట్లో అడిగి చెప్తా', ఇలా నలభై. సాయంత్రానికల్లా రెండు సైన్యాలూ ఒకే పొయ్యి మీద అన్నం వండుకున్నాయి. ఆయన ఫోన్లో ఏడ్చాడు. నేను, ఊరుకో నాయనా, అన్నాను."

కళ్ళద్దాల అమ్మాయి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"బాబాయ్ గారూ, నేను ఆ ఆఫీసులోనే పనిచేస్తాను. పేర్లు రాసిన ముగ్గుర్లో నేనొకదాన్ని. మీరు వచ్చారు, నాకు గుర్తే. ఒక పూట కూర్చున్నారు. సరుకులు మోసే గాడిద వివరాలు నింపమని మీకు ఒక కాగితమిచ్చాం."

మామయ్య ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"అందులో పేరు అని ఒక గడి ఉంది, వయసు, బలం, బలహీనత అని మిగతావి. అది ఉద్యోగం దరఖాస్తు అనుకున్నట్టున్నారు మీరు, మీవే రాసి ఇచ్చేశారు. హడావిడిలో మేమూ చూడకుండా ఎక్కించేశాం. ఇప్పుడు ఆటలో గాడిదని నొక్కితే ఇంటిపేరుతో సహా మీ పేరే వస్తుంది. వయసు యాభై ఎనిమిది. బలం, అక్షరదోషాలు దిద్దడం. బలహీనత, ఎడమ మోకాలు."

టైలరు టీ మింగబోయి పొలమారి దగ్గాడు. టీ కొట్టక్క అటు తిరిగింది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. మామయ్య గ్లాసు అడుగుకేసి చూశాడు.

"ఎన్ని బస్తాలు మోస్తుందమ్మా అది?" అన్నాడు మెల్లగా.

"రెండండి."

"రెండేనా," అన్నాడు మామయ్య. తల పైకెత్తాడు. "నా పేరు పెట్టిన కొత్తల్లో ఎనిమిది మోసేది."