వచ్చేవారం ఆట

బఫెలోలో మంచు కురుస్తోంది. టీవీలో ఓడినవాళ్ళు ఇంటికెళ్ళిపోయే ప్లేఆఫ్ ఫుట్‌బాల్ ఆట మొదలవబోతుంటే ఐరీన్ అలవాటుగా వంటింటివైపు కదిలింది. మంచం మీంచి భర్త పిలిచాడు.

“ఈసారి ఇక్కడే కూర్చోవే.”

“నేను చూస్తే మనవాళ్ళు ఓడిపోతారని తరిమేసేవాడివిగా, ఇన్నేళ్ళూ!”

“ఇవాళ ఎలాగూ ఓడతారులే. రెండు టచ్‌డౌన్ల తేడాతో.”

“నీ జోస్యం ఎప్పుడు నిజమైంది గనక? గెలుస్తారు. గెలిస్తే వచ్చేవారం ఇంకో ఆట ఉంటుంది.”

“వాళ్ళకుంటుంది. నాకుండదు. డాక్టరు నీ ఎదుటే చెప్పాడుగా.”

“డాక్టరుకి ఫుట్‌బాల్ గురించి ఏం తెలుసు? నన్ను పోనీ, వాల్ట్.”

“సరే, పో. ఈ ఆఖరాట కూడా ఒక్కణ్ణే చూస్తాను.”

ఐరీన్ వెనక్కి వచ్చింది. టీవీకి వీపు పెట్టి కుర్చీ వేసుకుని, అతని చెయ్యి పట్టుకుంది.

“ఇక్కడే ఉంటాను. ఆట మాత్రం చూడను.”