బామ్మకి గొంతు కావాలి

వీధి చివర పాత గోడౌన్లో, కాగితపు గుజ్జుతో చేసిన నిలువెత్తు బామ్మ బొమ్మకి చెల్లెలు రంగులేస్తోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

“మొన్నటిదాకా పాటలన్నావు. అంతకుముందు గోడల మీద బొమ్మలన్నావు. ఇప్పుడిదా? ఒక్కదాని మీద నిలబడవు కదే నువ్వు.”

“అవన్నీ కలిస్తేనే ఇది, అక్కా. పాటలూ రంగులూ నావి. బట్టలు ఎదురింటి టైలరుగారు కుట్టారు, చేతులు కదిలేలా మెకానిక్ బాబాయ్ బిగించాడు. సాయంత్రం బొమ్మలాటకి వీధి వీధంతా వస్తోంది.”

“వీధినంతా పనిలో పెట్టి, నువ్వు తిండి మానేశావన్నమాట.”

“ఒక్కటే చిక్కొచ్చి పడింది. బామ్మ మాటలు చెప్పాల్సిన టీచరుగారికి రిహార్సల్స్‌లో అరిచి అరిచి గొంతు పోయింది. నువ్వు చెప్పాలి.”

“నేనా? నాకు నటన రాదు.”

“నటించక్కర్లేదు. ఆటంతా బామ్మ మనవరాల్ని తిడుతూనే ఉంటుంది. ఇందాకట్నుంచి నన్ను తిడుతున్నావే, అలాగే కానిచ్చెయ్.”

“నీ పిచ్చి నాకంటించకు. ఉండు, ఆ లైటు ఇటు తిప్పు. ఆ ముక్కు నాది కదూ?”

“ఎన్ని ముక్కులు పెట్టి చూసినా ఆ తిట్లకి నప్పలేదు, నీది తప్ప.”

“అంత పొడుగుందా నాకు?”

“కాస్త తగ్గించే పెట్టాను.”

“ఎంతమంది వస్తారే?”

“కుర్చీలు చాలక మెట్లు కూడా కడిగించాం.”

“అయితే ముందు ఆ బామ్మ జుట్టు సరిచెయ్. నలుగురిలోకి అలాగేనా నేను రావడం?”