షోరూం వారి ఏకగ్రీవం

దుత్తలూరు పక్క ఊళ్ళో హైస్కూలు, ఆఫీసు గది. ఆత్మకూరులో ట్రాక్టర్ల షోరూం నడుపుతూ, చాలదన్నట్టు ఈ బడి పిల్లలకు పౌర విద్య నేర్పించే భారం కూడా నెత్తికెత్తుకున్న జనార్దనయ్య ఒకవైపు. సోషల్ టీచర్ రజిత మరోవైపు. బయట పిల్లల కేకలు.

“ఎలక్షన్ పెట్టమన్నా గానీ, పోటీ పెట్టమన్నానా టీచరమ్మా?”

“పోటీ లేకపోతే అది ఎలక్షన్ ఎట్టా అవతాది సార్?”

“మా ఊళ్ళో ముప్పై ఏండ్లుగా అవతానే ఉండాది. సర్పంచి ఏకగ్రీవం. ముందు మా నాయన, తర్వాత నేను, రిజర్వేషన్ వచ్చినప్పుడు మా జీతగాడు. ఒక్క గొడవ లేదు. పౌరులంటే అట్టుండాల.”

“గేటు దగ్గర ఫ్లెక్సీలో ‘రేపటి పౌరుడా, ప్రశ్నించు’ అని రాయించింది మీరే కదా సార్.”

“రాయించినా. పక్కన నా ఫోటో కూడా ఏయించినా. ఫోటోలో ఉండేవాణ్ణి ప్రశ్నించమన్నానా?”

“పిల్లకాయలకి ఆ తేడా తెలవదు సార్.”

“సరే, అది ఒదిలెయ్. స్కూల్ లీడర్ మా మనవరాలు అశ్విత. ఆదివారం ప్రమాణ స్వీకారం. తహసీల్దారుని పిలిచినా, శాలువా తెచ్చినా, షామియానాకి చెప్పినా. ఇప్పుడు బిడ్డ ఓడిపోయిందనుకో, నా మొహం యాడ పెట్టుకునేది?”

“ఓడిపోతాదని ఎవరన్నారు?”

“అయితే గెలస్తాదా?”

“ఓట్లేసేది పిల్లకాయలు సార్…”

“చూసినావా, తప్పించుకుంటా ఉండావు! ఎవరా రెండో పిల్ల?”

“బుజ్జి. గొర్రెల కామయ్య కూతురు.”

“కామయ్య బిడ్డా! వాడికి ఒక్క మాట చెప్తే…”

“నిన్ననే చెప్పినారంట కదా.”

“…చెప్పినా. ఏమన్నాడో తెలుసా? ‘అయ్యా, గొర్రెలైతే నా మాట వింటాయి, బుజ్జి వినదు’ అన్నాడు. నవ్వబాక! షోరూం నించి ఓట్ల డబ్బా పంపించినా, అదన్నా వచ్చిందా?”

“వచ్చింది సార్. మీ లక్కీ డ్రా డబ్బా. పిల్లలు దాన్ని తలకిందులు చేసి, దులిపి, లోపల చెయ్యి పెట్టి చూసినాకే ఒప్పుకున్నారు.”

“అంత అనుమానమా!”

“పోయినేడు అందులోంచే మీ బావమరిదికి ఫ్రిజ్ తగిలింది కదా.”

“అది వాడి అదృష్టం!”

“పిల్లలూ అదే అన్నారు సార్. ఆ అదృష్టం ఇంకా ఏమన్నా అంటుకొని ఉంటే రాలిపోతాదని దులిపినారంట.”

“ఇదంతా ఎవరో నేర్పిస్తా ఉండారు. నువ్వేనా?”

“నేర్పించమని మీరే కదా సార్…”

“నేర్పిస్తే మాత్రం ఇట్టా నేర్చేసుకుంటారా! అది సరే, ఆ బుజ్జికి అంత ధైర్యం యాడనించి వచ్చింది? ఎవరు నిలబెట్టినారు?”

“ఎవరో ఫ్రెండు.”

“ఏ ఫ్రెండు?”

“క్లాసులో పిల్లే. టీ తాగండి, చల్లారిపోతాది.”

“టీ తర్వాత. ఏ ఇంటి పిల్ల?”

“మంచి ఇల్లే సార్.”

“పేరు చెప్పు, వాళ్ళ నాయనతో మాట్లాడతా.”

“ఆ ఇంట్లో నాయన మాట సాగదు. తాతదే పెత్తనం.”

“అయితే ఆ తాతనే నిలదీస్తా! మనవరాల్ని అదుపులో పెట్టుకోలేనోడు పెద్దమనిషా? …ఆగు. బయట అరిచేది ఎవరు?”

“కిటికీ మూసేదా సార్?”

“మూయబాక! ఇది మా అశ్విత గొంతు. ప్రచారం చేస్తా ఉండాది, నా బంగారు! అంతా నా పోలికే. ఏమంటా ఉండాది?”

“పోనీలెండి సార్, ఆ టీ…”

“ఉష్, విననీ.”

“ఒరే, అందరూ వినండి! బుజ్జిని బతిమాలి నిలబెట్టింది నేనే! మా తాత చెప్పినాడని ఎవరూ నాకు ఓటెయ్యబాకండి! ముప్పై ఏండ్లుగా మా ఇంట్లో అందరూ సర్పంచులే గానీ, ఇంతవరకూ ఒక్కరన్నా గెలవలేదు!”