జ్ఞానయ్యన్న తెల్ల బెల్టు

ఇటు దే బిడ్డా మరియా, ఆ బెల్టు ఇటు దే. గట్ల గుంజితె నడుముకు పడ్తది గని అందం రాదు. జెండా పండుగ పరేడ్ ఎనిమిదింటికి గదా, ఉప్పల్ ఎంత దూరం, జర కూసో. ఎవరు నేర్పిన్రు నీకు, ఫోనా? ఫోన్ల సూసి బెల్టు కట్టెటోళ్లైన్రు మీరు! మీ తాత జ్ఞానయ్యన్న ఉంటెనా, ఆ ఇత్తడి బకల్‌ని సూసి "ఇది బకలా, తుప్పువట్టిన తాళమా" అనెటోడు. నవ్వకు, నిజంగ గట్లనే అంటుండె, గొంతు మీసాలల్లకెల్లి వచ్చేది. నువ్వు పుట్టకముందే పాయె, నీకేమెరుక.

ఆర్మీల ఇరవై రెండేండ్లు జేసిండు. హవల్దారై వచ్చి మా నాచారం బోల్టుల కంపెనీల గేటుకాడ కావలికి నిలవడ్డడు. నేను లేత్ మిషన్ మీద. కంపెనోళ్లిచ్చిన రెగ్జిన్ బెల్టు రోజు పెట్టేటోడు, గని జెండా పండుగలకు మాత్రం గీ తెల్ల కాన్వాసుదే. వారం ముందుగాల్నే సురువు. బకల్, రింగులు, కొక్కెం అన్ని ఊడదీసుడు, పట్టీ ఉతికి తెల్లసుద్ద రుద్దుడు, ఇత్తడిని చింతపండుతోని తోముడు. మీ నాయినమ్మ సువార్తమ్మ మొత్తుకునేది, "చారుకన్న ఇంత ఉంచరాదయ్యా! అంత ఇత్తడికే తినవెడ్తివి!" అని. అగో, ఆమె చారు గూడ మస్తుండేది... ఏం జెప్తున్న? ఆఁ, బెల్టు.

ఆఖరి యేడు దవాఖానకు తిరిగి తిరిగి మనిషి సగమైండు. జనవరి ఇరవై ఆరు పొద్దుగాల నన్ను పిలిచి, "తమ్మీ కొమురెల్లీ, వేళ్లు మాట ఇంటలేవు, బెల్టు నువ్వే కూర్చు" అన్నడు. నాకైతె ఏనుగెక్కినట్టైంది. ఒక్క దిక్కుకెల్లే గుంజి పొట్టి జేసిన, బకల్ ఏసిన, కొస లోపలికి మడిసి కొక్కెం తగిలిచ్చిన. అంత అయినంక సూస్తె ఏముంది, రెండు ఇత్తడి రింగులు బల్ల మీదనే ఉన్నయ్! మడత జారకుంట పట్టేటియి అవ్వే. ముందుగాల్ల అవి ఎక్కియ్యాలె, తర్వాతనే బకల్. ఇగ మల్ల ఎవడిప్పుతడని, ఆ మడతను నడుము ఎనకదిక్కు సన్నతీగతోని కట్టేసిన. ముంగటికెల్లి సూస్తె సోకుగనే ఉన్నది.

జెండాకాడ రెండొందల మందిమి. మేనేజర్ తాడు పట్టిండు. అన్న చెయ్యి ఎనకకు వెట్టి ఒక్కసారి తడిమిండు, అంతే. "ఠైరో సాబ్" అన్నడు. "క్యా హువా జ్ఞానయ్యా, టైమైతుంది!" అని ఆయన. "దో మినట్ సాబ్, డ్రెస్ ఖరాబ్ హై." అందరి ముంగట బెల్టు ఇప్పి నా చేతుల వెట్టిండు. చెవుల మెల్లగ, "అన్నా, ఎనకున్నది ఎవనికి కనవడ్తది" అన్న. ఏమన్నడెరుకనా? "ఎనకున్నోనికి కనవడ్తది తమ్మీ. వాడు నన్ను సూసే నడుస్తడు."

తిట్టలే. జెండా గద్దె మెట్టు మీద కూసొని ఒక్కొక్కటి జెప్పిండు, నేను మోకాళ్ల మీద కూసొని జేసిన. "రింగులు ముందు. ఇగ బకల్. రెండు దిక్కుల సమానం మడత వెట్టు. బకల్ అంగి గుండీల వరుసకే రావాలె, ఇంచు అటు పోవద్దు, ఇటు పోవద్దు." లేత్ షాపు పోరగాళ్లు నవ్వవట్టి నడుమల్నే ఆపిన్రు. మేనేజర్ గూడ ఎవలు సూస్తలేరని తన బెల్టు సదురుకున్నడు, నేను సూసిన! ఇగ అన్న లేసి సలాం గొట్టిండు సూడు, ఆ బక్కపానంల అంత బలం ఏడ దాసిండో, బూటు సప్పుడుకు షెడ్డు రేకులు దద్దరిల్లినయ్. గసొంటి సలాం మల్ల సూడలే. ఎండకాలం రాకముందే పాయె.

ఇగో, అయింది. నిలవడు. ఊపిరి బిగవట్టకు, ముంగటి వరుసల పెట్టిన్రంటివి, మస్తుసేపు నిలవడాలె. పట్టీ లోపల ఈ పచ్చ మచ్చలు సూసినవా, కొక్కెం పడ్డకాడ ఇత్తడి కక్కింది. ఇది ఆర్మీలకెల్లి వచ్చిన కొత్తలది. ఇది గేటుకాడ నిలవడ్డంక, పొట్ట జర వచ్చినప్పటిది. ఇది, ఈ ఆఖరిది, మెట్టుకాడ నా చేత పెట్టిచ్చింది... నీకు గీడనే పట్టింది బిడ్డా. పంతొమ్మిదేండ్ల పిల్లవు నువ్వు, నీ నడుముకు...

తిరుగు. ఎనక సూడనీ.

ఊఁ, రింగులు సమానమున్నయ్. పో, ఆటో వచ్చిందేమో సూడు.