అందరూ సంతకం పెట్టిన కాగితం

ఏంటక్కా ఇది! పట్టపగలు, ఆఫీసు మెట్ల మీద, ఇంతమంది చూస్తుండగా నా మీదకి అలా దూసుకొస్తావా? ముందా స్టూలు మీద కూర్చో. నలుగురిలాగా అర్జీ రాయించుకోవడానికి వచ్చినట్టు కనపడు.

ఏంటీ, నిజంగా అర్జీకే వచ్చావా? ఏమని?

"గోడ మీది జాబితాలో నా పేరుంది. ప్రార్థన మందిరంతో సంబంధం లేదని ఆ కాగితం నేనివ్వలేదు. ప్రార్థనకి వెళ్ళేదాన్నే, ఇక ముందూ వెళ్తాను." ఇదా రాయాల్సింది? ఓరి దేవుడో! ఆ జాబితాలోకి ఎక్కడానికి జనం పొద్దున్నే వచ్చి ఒకర్నొకరు తోసుకుంటుంటే, నువ్వు పేరు కొట్టేయమని వచ్చావా? మతిగానీ పోయిందా?

ఎవరిచ్చారో నాకేం తెలుసు? ఎవరో నీ మేలు కోరినవాళ్ళే ఇచ్చుంటారు. అందులో పేరుంటే నీ నర్సు ఉద్యోగం నీకుంటుంది. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది, ఇంటికి సీలేస్తారు, వచ్చే వారం లారీ ఎక్కిస్తారు. పక్క ఊళ్ళో లారీ ఎక్కినవాళ్ళలో ఒక్కరన్నా తిరిగొచ్చారా? చెప్పు.

అయినా రాయమనే అంటావు. చిన్నప్పట్నుంచీ నీకిదే జబ్బు.

ఆర్డరొచ్చిన ఈ పన్నెండు రోజుల్లో మీ మందిరం మొత్తం ఈ టైపు మిషను ముందు కూర్చుని లేచి వెళ్ళిందక్కా. మీ పెద్దగొంతాయన లేడూ, ఏటా నాటకంలో సింహాల నోట్లో పడి చచ్చేవాడు, "నా ప్రభువును విడువను" అని మైకు పగిలేలా అరుస్తాడే, ఆయనే క్యూలో మొదటివాడు. ఇక్కడ సింహమా, చిరుతపులా? జలుబు చేసిన ఓ గుమాస్తా, ఓ రబ్బరు స్టాంపు. దానికే ఆయన రెండు చేతులూ జోడించాడు. "బాబూ, ఇంకో రెండు కాపీలు కొట్టు, షాపులో ఒకటి, ఇంటి తలుపుకొకటి అంటిస్తాను" అన్నాడు.

ముందు బెంచీ పెద్దాయనేమో, "వానొస్తే తలదాచుకోడానికి లోపలికెళ్ళాను" అని కలపమన్నాడు. ఇరవై ఏళ్ళుగా, సరిగ్గా ఆదివారం పొద్దున్నే, ఆయనొక్కడి నెత్తి మీదే కురుస్తోందన్నమాట!

ఇంకొకావిడ సంతకం పెట్టేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఎందుకమ్మా అంటే, చెయ్యి వణక్కుండా ఉండాలని అంది. నవ్వవేం? నాకైతే క్యారేజీ తింటుంటే గుర్తొచ్చి పొలమారింది.

పాస్టరుగారా? ఆయన కాళ్ళకి బుద్ధి చెప్పి పది రోజులైంది. ఆయన మాటెత్తకు. ఇంతమందికి లేని పట్టింపు నీకొక్కదానికెందుకు, అది చెప్పు.

అదిగో, ఆ పాతకాలపు భక్తుల కథలు మొదలెట్టకు! నాకు తెలుసు. అమ్మ పోయాక నోట్లో ముద్ద పెడుతూ నూరిపోసింది నువ్వేగా. రాజుగారి బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వెయ్యమంటే వెయ్యం అని చచ్చినవాళ్ళు. ఇంకో దేశంలో యేసు బొమ్మని కాలితో తొక్కమంటే తొక్కం అని చచ్చినవాళ్ళు. చిటికెడక్కా! చిటికెడు సాంబ్రాణికి ప్రాణాలిచ్చేస్తారా ఎవరన్నా? ఇన్ని వందల ఏళ్ళయినా ఆ బాధలు పెట్టేవాళ్ళకీ బుద్ధి రాలేదు, ఈ పడేవాళ్ళకీ బుద్ధి రాలేదు. వెయ్యకుండానే వేసినట్టు కాగితం కొనుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారని నువ్వే చెప్పావు. ఆ కాగితాలు రాసిపెట్టినవాడు కూడా ఉండే ఉంటాడుగా ఎవడో! మా వృత్తి ఎంత పాతదో చూడు.

ఎవరూ? ఆ కథలో ఆవిడా? మొగుడు ఈడ్చుకెళ్ళి, చేతులు పట్టుకుని బలవంతంగా సాంబ్రాణి వేయిస్తే, "నేను చెయ్యలేదు, మీరే చేశారు" అని అరిచిందే, ఆవిడేగా. ఏమిచ్చారు ఆవిడకి? మెడలో దండేశారా? దేశంలోంచి తరిమేశారు.

ఏంటలా చూస్తున్నావ్?

సరే. అవును, నేనే. ఆ కాగితం కొట్టింది నేనే, నీ సంతకం పెట్టిందీ నేనే. బళ్ళో ప్రోగ్రెస్ కార్డుల మీద నీ సంతకం ఎన్నిసార్లు గిలికాను! చెయ్యి మర్చిపోలేదు. గుమాస్తా తలెత్తి చూడను కూడా లేదు, ముక్కు చీదుకుని స్టాంపు గుద్దేశాడు.

తప్పే. అయితే ఏం చెయ్యమంటావ్? నువ్వు లారీ ఎక్కుతుంటే ఇక్కడ కూర్చుని చూడమంటావా? నా వల్ల కాదక్కా. నాకున్నది నువ్వొక్కదానివే.

ఇప్పుడీ అర్జీ ఇస్తే ఏమంటారు? మరి సంతకం ఎవరు పెట్టారంటారు. నా పేరు చెప్తావా?

చెప్పవా? కొట్టినా చెప్పవా? నీ ప్రాణం కోసం ఒక్క ముక్క అబద్ధం రాసివ్వవు గానీ, నా కోసం నోరు కుట్టేసుకుంటావా? నీకు దండం పెడతాను, ఇంత మంచిదానివి అవ్వకు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఆలోచించుకుని రేపు రాకూడదా? రావు. నేను కాదంటే అటువైపు మెట్ల మీద కూర్చునేవాడి చేత రాయిస్తావు. వాడు నీ అర్జీ రాసి, అదే చేత్తో నా మీద ఇంకోటి రాస్తాడు. అర్జీలు తీసుకునే కిటికీ మూసేదాకా పావుగంటుంది.

ఒక మాట చెప్పేస్తాను. విన్నాక నా మొహం చూడనంటే చూడకు.

పెద్దగొంతాయన మొదటివాడు కాదు. ఆర్డరొచ్చింది సోమవారం. నేను నా కాగితం అంతకుముందు శనివారమే ఇచ్చేశాను. ఎవరూ అడగలేదక్కా. ఎవరూ బెదిరించలేదు. మెట్ల మీద ఉండేవాణ్ణిగా, లోపలి గుసగుసలు ముందే చెవిన పడతాయి. కూర్చుని నా అంతట నేనే రాసుకున్నాను. "నేనా మందిరానికి చెందినవాణ్ణి కాను, ఏనాడూ వెళ్ళినవాణ్ణి కాను, అక్కడికి వెళ్ళేవారెవరితోనూ నాకే సంబంధమూ లేదు." నీ చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ణి, ఏ సంబంధమూ లేదని రాశాను.

పెద్దాఫీసరు చదివి, "భలే రాశావయ్యా, ఇదే మ్యాటరు అందరి చేతా పెట్టించండి" అన్నాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. పన్నెండేళ్ళుగా ఇక్కడే పడున్నాను, లోపల నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా పొంగిపోయాను. మీవాళ్ళంతా వరసగా వచ్చి సంతకం పెట్టింది నా మాటల కిందేనక్కా.

అంత బాగా రాసినవాడికి నీ అర్జీకి ఒక్క ముక్క తోచట్లేదు. కాగితం ఎక్కించాను. కార్బను కూడా పెట్టాను. నువ్వు చెప్పు, నేను కొడతాను.